పురమందిరాల కంచు పతకాలను సేకరించడం ఎలా?

తిరుపతిలోనూ చిత్తూరులోనూ పాత నాణేలు పోగుచేసేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు మూడే. ఏదో పాత భవనం బొమ్మ చెక్కిన గోధుమరంగు కంచు బిళ్ల చేతికి వచ్చింది, ఇది ఏమిటి? ఇది అసలుదేనా? దీన్ని తోమి మెరిపించవచ్చా? మూడో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: తోమవద్దు. మొదటి రెండింటికీ జవాబు కాస్త పొడవైనది కనుక, కొనేముందు చూసుకోవలసినవీ, ఇంటికి తెచ్చిన మొదటి వారంలో చేయవలసినవీ, ఆ తరువాత ఏళ్ల తరబడి గమనించవలసినవీ వరుసగా రాస్తున్నాను.

మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. మన ఊళ్లలో పతకం అనగానే బడిలో ఇచ్చే బహుమతి గుర్తుకు వస్తుంది. తిరుపతి అంగళ్లలో అడిగితే మెడలో వేసుకునే శ్రీవారి డాలరు చూపిస్తారు. మనం మాట్లాడుకునేది ఈ రెండూ కాదు. ఒక వంతెనకో, పురమందిరానికో, న్యాయస్థానానికో శంకుస్థాపన లేదా ప్రారంభోత్సవం జరిగినప్పుడు ఆ సందర్భానికి గుర్తుగా నగరపాలక సంస్థలు, టంకశాలలు, ప్రైవేటు వ్యాపారులు అచ్చు కొట్టించిన బిళ్ల ఇది. దానికి సాధారణంగా వేలాడదీసే కొక్కెం ఉండదు, చెల్లుబాటు విలువ అసలే ఉండదు. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైనప్పుడు భారత ప్రభుత్వం విడుదల చేసిన 75 రూపాయల బిళ్లపై కూడా భవనమే ఉంది. కానీ దానిపై విలువ ముద్రించి ఉంది కనుక అది స్మారక నాణెం, పతకం కాదు. ఈ తేడా తెలియకుండా నాణేల జాబితాల్లో పతకం కోసం వెతికి విసిగిపోయినవారు చాలామంది ఉన్నారు.

ఏమేం కావాలి

గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న కాటా, ప్లాస్టిక్ దవడలున్న వెర్నియర్ కొలబద్ద, నగల పనివారు వాడే పది రెట్ల భూతద్దం, ఒక అయస్కాంతం, సన్నని నూలు దారం, డిస్టిల్డ్ వాటర్, మెత్తని వెంట్రుకల కుంచె, నూలు చేతితొడుగులు, గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, గదిలో తేమ శాతాన్ని చూపే చిన్న మీటరు. ఇవి కాక ఒక గీతల పుస్తకం, మాసిపోని సిరా కలం. వెర్నియర్‌కు ఉక్కు దవడలు తప్ప దొరక్కపోతే వాటికి పలుచని కాగితం చుట్టి వాడండి; ఉక్కు మొన ఒక్కసారి గీరితే ఆ గీత ఎప్పటికీ పోదు. పట్టు గుడ్డ, మెరుగు పొడి, చింతపండు ఈ జాబితాలో లేవని గమనించండి.

1. ముందు పరిధి గీసుకోండి.

"భవనాలన్నీ" అని మొదలుపెడితే ఆరు నెలల్లో డబ్బూ అయిపోతుంది, ఆసక్తీ అయిపోతుంది. ఒక నగరాన్నో, ఒక శిల్పినో, ఒక టంకశాలనో పట్టుకోండి.

లండన్ నగర కార్పొరేషన్ 1831లో లండన్ వంతెన ప్రారంభంతో మొదలుపెట్టి శతాబ్దం చివరి వరకు తన కట్టడాలకూ వేడుకలకూ పతకాలు చేయించింది. 1849లో ప్రారంభమైన బొగ్గు వ్యాపార భవనం కోల్ ఎక్స్ఛేంజ్, 1869 నాటి హోబర్న్ వయాడక్ట్ అనే రోడ్డు వంతెన, బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన, 1878లో ఊడదీసిన టెంపుల్ బార్ ద్వారం, 1894 నాటి టవర్ బ్రిడ్జి ఆ వరుసలోవే. వీటిలో చాలావాటి వ్యాసం 77 మిల్లీమీటర్లు. అరచేతిని నింపేంత పెద్దవి. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. కోల్ ఎక్స్ఛేంజ్‌ను 1962లో కూల్చివేశారు కనుక, ఇప్పుడు ఆ భవనాన్ని చేతిలో పట్టుకుని చూడాలంటే పతకమే దిక్కు.

రెండో దారి ఇంగ్లాండు పారిశ్రామిక పట్టణాల పురమందిరాలు: బర్మింగ్‌హామ్ 1834, లీడ్స్ 1858, మాంచెస్టర్ 1877. వీటి ప్రారంభోత్సవాలకు జనానికి అమ్మడానికి చేసిన చౌక పతకాలు ఎక్కువ. అవి చాలావరకు తెల్లలోహం, అంటే ప్రధానంగా తగరం. కంచు ప్రతులు తక్కువగా కనబడతాయి. కొత్తవారు తెల్లలోహంతో మొదలుపెట్టినా తప్పు లేదు, అయితే అది మెత్తని లోహం కనుక గీతలు తొందరగా పడతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడో దారి. బెల్జియం శిల్పి జాక్ వీనర్ (1815–1899) యూరప్‌లోని ప్రసిద్ధ కట్టడాలపై 41 పతకాల వరుస ఒకటి చేశాడు. వ్యాసం సుమారు 59 మిల్లీమీటర్లు. ఒక వైపు కట్టడం బయటి రూపం, మరో వైపు లోపలి రూపం. ఒక మందిరం లోపలి స్తంభాల వరుసను, ఆ లోతు కళ్లకు కనబడేలా, రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో చెక్కడం ఎంత కష్టమో భూతద్దం పెట్టి చూసినప్పుడే అర్థమవుతుంది. అయితే ఆ వరుసలో ఎక్కువ భాగం చర్చీలు. కోర్డోబా మసీదు, హేగియా సోఫియా కూడా ఉన్నాయి. పౌర భవనాలు మాత్రమే కావాలని పట్టుబట్టేవారికి అది పూర్తిగా సరిపోదు.

2. కొనేముందు మొత్తం ఖర్చు లెక్క వేయండి.

విదేశీ వేలంపాటలో పాట ఆగిన ధర మీరు చెల్లించే ధర కాదు. ఉదాహరణకు పాట 8,000 రూపాయల దగ్గర ఆగిందనుకోండి. వేలం సంస్థ కొనుగోలుదారు రుసుము 20 శాతం అయితే 1,600, తపాలా, బీమా కలిసి 2,000 అనుకుంటే, అప్పటికే 11,600 అయింది. ఆపైన విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ సుంకం పడవచ్చు. రుసుము శాతం సంస్థను బట్టి మారుతుంది కనుక, పాటకు దిగకముందే నిబంధనలు చదివి, మీ గరిష్ఠ ధరను కాగితంపై రాసుకుని, అక్కడే ఆగండి.

అమ్మేవారి వివరణలో ఐమర్ సంఖ్య, బీహెచ్‌ఎమ్ సంఖ్య అని కనబడితే కంగారు పడకండి. బ్రిటిష్ స్మారక పతకాల జాబితాల్లో ఆ పతకానికి ఇచ్చిన క్రమసంఖ్యలవి. ఆ సంఖ్యతో వెతికితే అదే పతకం గతంలో ఎంతకు పోయిందో, ఏ లోహాల్లో వచ్చిందో తేలికగా తెలుస్తుంది.

3. ఈ నాలుగు ఫొటోలు లేకుండా డబ్బు పంపకండి.

బొమ్మ వైపు, బొరుసు వైపు, అంచు, పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఒక వాలు ఫొటో. మొదటి రెండూ అందరూ ఇస్తారు. మూడోది అడిగితే సగం మంది ఇస్తారు. నాలుగోది అడిగితే విసుక్కుంటారు, కానీ గీతలూ, సొట్టలూ, తోమిన జాడలూ ఆ ఫొటోలోనే బయటపడతాయి. నేను ఒకసారి అంచు ఫొటో అడగకుండానే కొన్నాను. వచ్చిన బిళ్ల అంచు చుట్టూ ఆకురాయి గీతలు కనిపించాయి. అది అసలు పతకం నుంచి మూస తీసి పోసిన పోత. డబ్బు వెనక్కి రాలేదు.

ఎత్తైన భాగాలు అరిగాయేమో చూడండి: పైకప్పు కొన, త్రికోణ ముఖభాగంలోని శిల్పాలు, రాణి బొమ్మ ఉంటే ఆమె చెవిపైని జుట్టు. ముందుగా అరిగేవి ఇవే.

4. ఊళ్లో వెతికేవారు ఇలా వెతకండి.

పాత రాగి, ఇత్తడి, కంచు సామాను కిలోల లెక్కన కొనే అంగళ్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఉన్నాయి. అక్కడికి వచ్చిన గుండ్రని బిళ్లలు విరిగిన చెంబులతో, గంటలతో కలిసి కరిగింపుకు పోతాయి. అంగడివారితో పరిచయం పెంచుకుని, "బొమ్మలున్న బిళ్ల ఏది వచ్చినా పక్కన పెట్టన్నా, చూసి తీసుకుంటాను" అని చెప్పి ఉంచండి. బరువు ధర కంటే కొంచెం ఎక్కువ ఇస్తేనే ఆయన గుర్తుపెట్టుకుంటాడు. ఇలా దొరికేవాటిలో ఎక్కువ భాగం బడి బహుమతులు, సంఘాల జ్ఞాపికలు. భవనాల పతకం దొరకడం అదృష్టమే. చెన్నై మనకు దగ్గర కనుక అక్కడి నాణేల ప్రదర్శనలకు వెళ్లడం మేలు. ఒకే చోట పది అసలు పతకాలు చేతిలో పట్టుకుని చూసినవాడు నకిలీ దగ్గర అంత సులభంగా మోసపోడు.

ఒక హెచ్చరిక. పునాది తవ్వుతుంటే దొరికిందని ఎవరైనా చెబితే కొనకండి. భూమిలో దొరికిన నిధికి 1878 నాటి చట్టం వర్తిస్తుంది; విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. అలాగే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణేలు, కళాకృతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. పాత పతకాన్ని "అభిప్రాయం కోసం" విదేశానికి పార్సిల్ చేయడం కూడా ఎగుమతే అవుతుంది. ఫొటోలు పంపండి, చాలు.

5. పార్సిల్ విప్పేటప్పుడు తొందరపడకండి.

మంచం మీదనో, మడిచిన దుప్పటి మీదనో కూర్చుని విప్పండి. బండపరుపు మీద జారిపడితే అంచు నొక్కుకుపోతుంది, ఆ దెబ్బ ధరను సగానికి దించగలదు. పతకాన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోండి. వేలిముద్రలోని ఉప్పు, నూనె నెలల తరువాత నల్లని ముద్రగా పైకి తేలుతాయి. వచ్చిన రోజే ఫొటోలు తీసి, అమ్మినవారి ఫొటోలతో పోల్చండి. పార్సిల్‌లో దెబ్బ తగిలిందని ఫిర్యాదు చేయాలంటే గడువు కొద్ది రోజులే ఉంటుంది.

6. కొలవండి, తూచండి.

వ్యాసాన్ని మూడు చోట్ల కొలిచి మూడు అంకెలూ రాయండి. అచ్చు కొట్టిన పతకం జాబితాలో చెప్పిన వ్యాసానికి దాదాపు సరిపోతుంది. అసలు పతకం నుంచి మూస తీసి పోసిన నకిలీ మాత్రం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. కంచుకు ఆ తగ్గుదల ఒకటి, రెండు శాతం ఉంటుంది. అంటే 59 మిల్లీమీటర్లు ఉండవలసినది 58కి దగ్గరగా తేలితే అనుమానించండి. దాంతో పాటు భూతద్దంలో ఉపరితలం గింజగింజలుగా, చిన్న గుంటలతో కనబడితే, అక్షరాల మూలలు మొద్దుబారి ఉంటే, అది పోతేనని దాదాపు నిర్ధారణకు రావచ్చు. అచ్చులో నొక్కిన అక్షరం గోడ నిటారుగా, నేల నునుపుగా ఉంటుంది.

అంచు మధ్యలో సన్నని అతుకు గీత కనబడితే అది విద్యుత్ పూతతో చేసిన రెండు పలుచని పెంకులను కలిపి అతికినదై ఉండవచ్చు. 19వ శతాబ్దంలో ప్రదర్శనశాలల కోసం ఇలాంటి నకళ్లు నిజాయితీగానే చేశారు. నేడు వాటిని అసలువిగా అమ్మడమే మోసం.

7. లోహం ఏదో నీటిలో తేల్చుకోండి.

ముందు అయస్కాంతం చూపండి. లాగిందంటే లోపల ఇనుము ఉంది, ఇక పరీక్ష అక్కరలేదు.

తరువాత కాటాపై డిస్టిల్డ్ వాటర్ పోసిన గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. పతకానికి నూలు దారం కట్టి, నీటిలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే పతకం ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును ఆ అంకెతో భాగించండి. పొడి బరువు 88 గ్రాములు, నీటిలో కాటా చూపినది 10 గ్రాములు అయితే జవాబు 8.8. ఇది కంచుకు తగిన అంకె. రాగి 8.96, మామూలు ఇత్తడి 8.4 నుంచి 8.6, తగరం ప్రధానమైన తెల్లలోహం సుమారు 7.3, తుత్తునాగం 7.1. జవాబు 7 చిల్లర వచ్చి, పైన మాత్రం కంచు రంగు ఉంటే, అది రంగు వేసిన చౌక లోహం.

సాధారణంగా జరిగే తప్పులు ఇక్కడే ఎక్కువ. పతకానికి అంటుకున్న గాలి బుడగలను కుంచెతో తొలగించకపోతే ఘనపరిమాణం ఎక్కువగా తేలి, మంచి కంచు కూడా ఇత్తడిలా కనబడుతుంది. పతకం గ్లాసు అడుగుకు తగిలితే అంకె అమాంతం పెరుగుతుంది. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. పని కాగానే మెత్తని గుడ్డతో అద్ది, తుడవకుండా, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వండి. ఉపరితలంపై లేత పచ్చ పొడి ఉన్న పతకాన్ని నీటిలో ముంచకండి. బంగారు పూత ఉన్నదాన్నీ, అతుకు గీత ఉన్నదాన్నీ కూడా ముంచవద్దు.

అంకె 8.9 దాటిందని నిరాశపడకండి. 19వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ తయారీదార్లు కంచు పతకమని అమ్మినవాటిలో ఎన్నో నిజానికి గోధుమరంగు తెప్పించిన రాగి పతకాలే. జాబితాల్లోనూ వాటిని కంచు అనే రాస్తారు. ఇంకో మాట: మన గుడి గంటలకూ జేగంటలకూ వాడే కంచులో తగరం పాలు ఇరవై శాతం పైచిలుకు ఉంటుంది, అందుకే ఆ మోత. పతకపు కంచులో తగరం అందులో సగం కూడా ఉండదు. తట్టి చూసి "కంచులా మోగలేదు, ఇది నకిలీ" అని తేల్చేవారి మాట నమ్మకండి, తట్టనూ వద్దు.

8. అంచునూ సంతకాన్నీ చదవండి.

శిల్పి పేరు భవనం కింది నేల గీతకు దిగువనో, బొమ్మ మెడ కోసిన చోటనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరు తరువాత ఎఫ్ అనే అక్షరం ఉంటే "చేసినవాడు" అని అర్థం. అది లాటిన్ మాటకు పొడి అక్షరం. వయన్ అనే ఇంటిపేరు లండన్ పతకాలపై చాలాసార్లు కనబడుతుంది. అది ఒక కుటుంబం, తరాల తరబడి అచ్చులు చెక్కినవారు. కనుక ఇంటిపేరు ముందరి అక్షరాన్ని కూడా తప్పక రాసుకోండి.

పారిస్ టంకశాల పతకాలు కొనేవారికి అంచే జాతకం. ఆ టంకశాల పాత అచ్చులను దాచిపెట్టి, అవే బొమ్మలను దశాబ్దాల తరువాత కూడా మళ్లీ కొట్టి అమ్మింది. పతకంపై ఉన్న సంవత్సరం భవనానిది, అచ్చు కొట్టిన సంవత్సరం కాదు. ఏ కాలంలో కొట్టిందో అంచుపై ఉన్న చిన్న గుర్తు చెబుతుంది. 1832 నుంచి 1841 వరకు పురాతన దీపం, 1841–42లో లంగరు, 1842 నుంచి 1845 వరకు ఓడ ముక్కు, 1845 నుంచి 1860 వరకు చూపుడు వేలు చాచిన చెయ్యి, 1860 నుంచి 1879 వరకు తేనెటీగ, 1880 నుంచి పండ్లు పొంగే కొమ్ము. పక్కనే రాగి అనో కంచు అనో ఫ్రెంచిలో రాసి ఉంటుంది. 1840 నాటి వేడుక పతకం అంచున కొమ్ము గుర్తు కనబడితే అది నకిలీ కాదు, తరువాత మళ్లీ కొట్టినది. అసలు టంకశాల సరుకే, కానీ తొలి ముద్రణ ధర ఇవ్వకూడదు. ఈ ఒక్క గుర్తు చూడక నష్టపోయినవారు నాకు తెలిసి చాలామంది.

బొమ్మ, బొరుసుల దిశ కూడా గమనించండి. పతకాన్ని అంచులతో పట్టుకుని, పుస్తకం పుట తిప్పినట్టు పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా? దాన్ని మీ పద్దులో రాసి, అదే పతకం ఇతర ప్రతుల ఫొటోలతో పోల్చండి.

9. పతకాన్ని భవనంతో సరిచూడండి.

ఈ పనిలో అసలు ఆనందం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. భవనం పాత ఫొటో ఒకటి సంపాదించి, కిటికీలు, స్తంభాలు, మెట్లు, అంతస్తులు లెక్కపెట్టండి. లెక్క కుదరకపోతే మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. ప్రారంభోత్సవానికి సిద్ధంగా ఉండాలని పతకాన్ని ముందే చెక్కి ఉంటారు, అప్పుడు శిల్పి ముందున్నది భవనం కాదు, వాస్తుశిల్పి గీసిన చిత్రం. కట్టేటప్పుడు ఆ చిత్రం మారి ఉండవచ్చు. లేదా చిన్న వృత్తంలో ఇమడక శిల్పి కొన్ని కిటికీలను వదిలేసి ఉండవచ్చు. లేదా భవనమే తరువాత మారింది. పారిస్ పురమందిరం 1871 మేలో తగలబడి, తిరిగి కట్టాక 1882లో ప్రారంభమైంది. కనుక ఆ పేరుతో ఉన్న పతకాన్ని చూసినప్పుడు అది పాత భవనమా, కొత్తదా అని ముందు తేల్చుకోవాలి.

ఈ చూపు అలవాటు కావడానికి ఒక చిన్న సాధన చెబుతాను. ఒక ఆదివారం చంద్రగిరి కోటకు వెళ్లి, మూడంతస్తుల రాజమహల్ ఎదుట కూర్చుని, సీసా మూతతో కాగితంపై 59 మిల్లీమీటర్లకు దగ్గరగా ఒక వృత్తం గీసుకుని, ఆ ముఖభాగాన్ని అందులో ఇమడ్చడానికి ప్రయత్నించండి. ఎన్ని కమానులు వదిలేయాలో, శిఖరాలను ఎంత పెంచి గీయాలో, నేల గీత కింద పేరుకు ఎంత చోటు మిగలాలో మీకే తెలిసివస్తుంది. ఆ తరువాత ఏ పతకాన్ని చూసినా శిల్పి ఎక్కడ సర్దుకున్నాడో కంటికి దొరుకుతుంది. బొమ్మ గీయడం రానివారు ఫొటో తీసుకుని ఇంట్లో గీసినా చాలు.

10. ఉపరితలం ఆరోగ్యాన్ని పరీక్షించండి.

గోధుమ, ముదురు చాక్లెట్, కొన్నిచోట్ల నలుపు: ఇది మురికి కాదు, పతకం చర్మం. కొంత టంకశాలలోనే కావాలని తెప్పించినది, కొంత కాలం ఇచ్చినది. మా ఇంట్లో ఒకసారి దీపావళికి ముందు ఇత్తడి సామానంతా తోమేటప్పుడు మా అమ్మ నా బల్ల మీది పతకాన్ని కూడా చింతపండు, ఉప్పు పెట్టి తోమింది. ఎంతో ప్రేమగా, కొత్త చెంబులా గులాబీరంగుకు వచ్చేదాకా తోమింది. కిటికీల గీతలు పోయాయి. రంగు కొన్నేళ్లకు మళ్లీ ముదిరింది గానీ ఆ గీతలు రాలేదు. చింతపండు, నిమ్మ, విభూతి, రాగి పాత్రలు తోమే పొడి, పళ్ల పేస్టు, వంటసోడా, అన్నీ ఇదే పని చేస్తాయి.

దుమ్ము ఉంటే పొడి కుంచెతో దులపండి. జిడ్డు ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో దూది అద్ది, గాలి ఆడే చోట, మంటకు దూరంగా, ఒత్తిడి లేకుండా తాకించండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం దీనికి బదులు కాదు, అందులో నూనె, సువాసన కలుపుతారు. 20వ శతాబ్దపు పతకాలకు లక్క పూత ఉండవచ్చు, అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది, అటువంటివాటిని ముట్టుకోకండి.

పచ్చరంగు కనబడితే మూడు రకాలుగా విడదీయండి. గట్టిగా, నునుపుగా, లోహంలో కలిసిపోయిన పచ్చ స్థిరమైనది, దాన్ని అలాగే ఉంచండి. జిగటగా ఉన్న పచ్చ మెత్తని పీవీసీ కవర్ల వల్ల వచ్చినది. అసిటోన్‌తో పోతుంది, కవరు పారేయండి. లేత పచ్చగా, పొడిపొడిగా, వెదురు పుల్లతో తాకగానే రాలేది మాత్రం కంచు రోగం. లోహంలో చేరిన క్లోరైడు తేమతో కలిసి లోపలికి తినుకుంటూ పోతుంది. అనుమానం ఉంటే పొడిని పుల్లతో దులిపి, ఫొటో తీసి, రెండు వారాలు ఆగి చూడండి. అదే చోట మళ్లీ పొడి పుట్టిందంటే రోగం ఖాయం. వెంటనే దాన్ని తక్కినవాటి నుంచి వేరు చేసి, పొడి సిలికా జెల్ నింపిన డబ్బాలో మూసిపెట్టండి. రసాయన చికిత్స ఇంట్లో చేయకండి, అందుకు వాడే వాటిలో విషపదార్థాలు ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని రసాయన సంరక్షణ ప్రయోగశాల దక్షిణాది కంచు విగ్రహాలకు వచ్చిన ఈ రోగం నయం చేయడానికే 1930లో మొదలైంది. అటువంటి చోట పనిచేసేవారి సలహా తీసుకోవడం ఉత్తమం.

11. దాచే చోటు.

మన ప్రాంతానికి ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కంచుకు అదే గడ్డుకాలం. డబ్బాలోని తేమ 40 శాతానికి మించకుండా చూసుకోండి. రంగు మారే సిలికా జెల్ కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో దానంతట అదే చెబుతుంది. నీలంరంగు గింజల్లో కోబాల్టు ఉంటుంది కనుక పిల్లలకు అందనివ్వకండి, నారింజ రంగువి దొరికితే వాటినే తీసుకోండి.

పతకాన్ని పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవరులో పెట్టండి. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక, కలరా ఉండలు, ఇంకా రంగు వాసన పోని కొత్త ప్లైవుడ్ అర, వీటి దగ్గర పెట్టకండి. పూజగదిలో అసలే వద్దు: కర్పూరం పొగ, దీపం నూనె, కుంకుమ, ఈ మూడింటిలో ఏదీ కంచుకు పడదు. మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పట్టించే అలవాటు కొందరికి ఉంది. నేను వానాకాలానికి ముందు, అంతకుముందే ఎవరో తోమి పాడుచేసిన పతకాలకు మాత్రమే పట్టిస్తాను.

12. పద్దు రాయండి.

క్రమసంఖ్య, భవనం పేరు, ఊరు, సంవత్సరం, శిల్పి, వ్యాసం, బరువు, సాంద్రత, అంచు గుర్తు, దిశ, ఎక్కడ కొన్నారు, మొత్తం ఖర్చు, ఫొటో సంఖ్య. సంఖ్యను పతకంపై రాయకండి, అంటుకునే చీటీ కూడా వేయకండి. కవరులో చిన్న కాగితం పెట్టండి. రసీదును పద్దుకు జతచేయండి, 100 ఏళ్లు దాటిన వస్తువు విషయంలో అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలగడం మీకే రక్ష.

ఫలితం సరిచూసుకోవడం

ఏడాదికి రెండుసార్లు చాలు, వానలకు ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి. అదే బల్ల, అదే దీపం, అదే కోణం పెట్టి ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టండి. రంగు కొద్దిగా ముదిరితే సహజమే. కొత్త చుక్క పుడితే పదో మెట్టుకు తిరిగి వెళ్లండి. వేలిముద్ర పైకి తేలితే ఎవరో చేతితొడుగు లేకుండా పట్టుకున్నారని అర్థం; దాన్ని రుద్దడం మొదలుపెట్టకండి, ముద్ర పోదు గానీ చుట్టూ ఉన్న రంగు పోతుంది.

డబ్బా మూత లోపలి వైపు పెద్ద అక్షరాలతో "దీన్ని తోమకూడదు" అని రాసిన కాగితం ఒకటి పెట్టండి. దీపావళి వారంలో ఇంట్లోవారికి నోటితో కూడా ఒకసారి చెప్పండి.